తొంభై ముగ్గురు, తొంభై ఏడు ఓట్లు

మధ్యాహ్నం ఒంటిగంట ముప్పై అయిదుకి ఓట్ల పెట్టె మూత తీశారు. ఒంటిగంట యాభైకల్లా దొంగ ఎవరో ఊరు తేల్చేసింది.

మధ్యలోని ఆ పదిహేను నిమిషాల్లో జరిగింది లెక్కపెట్టడమొక్కటే.

పెల్టన్‌లో ఓటుకి కాగితం వాడరు. తాతల నాటి పద్ధతి. అవునంటే మొక్కజొన్న గింజ. కాదంటే తెల్ల చిక్కుడు గింజ. బల్ల మీద రెండు కొయ్య గిన్నెలు ఉంటాయి. కావలసిన గింజ గుప్పెట్లో దాచుకుని పెట్టె మూతకున్న కంతలోంచి జారవిడవాలి. ఎవడి గుప్పెట్లో ఏముందో పక్కవాడికి తెలియకూడదు.

టౌన్ క్లర్క్ ఎబనేజర్ వెదర్బీ జాబితా చదివాడు. ఓటేసినవాళ్ళు తొంభై ముగ్గురు.

పెట్టెలో మొక్కజొన్నలు నలభై అయిదు. చిక్కుళ్ళు యాభై రెండు.

మొత్తం తొంభై ఏడు.

మళ్ళీ లెక్కపెట్టారు. తొంభై ఏడే.

వెనక బెంచీ మీద కుడి మోకాలు రాసుకుంటూ కూర్చున్న జీనస్ హోల్కమ్‌కి వస్తున్న ఆవులింత మధ్యలో ఆగిపోయింది. అతను ఊరి కానిస్టేబుల్. వృత్తి పీపాలు చెయ్యడం. ఏటా ఊరి పదవులు పంచే మార్చి మీటింగులో కానిస్టేబుల్ పని నెత్తిన పడింది. అతనికి ముందు ఆరుగురు వద్దన్నారు. ఏడోవాడైన జీనస్ వద్దనే ఓపిక కూడా లేక ఊరుకున్నాడు.

అది 1787 డిసెంబర్ 20, గురువారం. ఇంగ్లండు రాజుతో యుద్ధం ముగిసి నాలుగేళ్ళు దాటింది. రాజు పోయాడు సరే, అతని స్థానంలో ఏం పెట్టుకోవాలో ఇంకా తేలలేదు. పదమూడు రాష్ట్రాలకీ కలిపి ఒక ప్రభుత్వం ఉండాలని పెద్దమనుషులు కొత్త రాజ్యాంగం రాశారు. దాన్ని ఒప్పుకోవాలో వద్దో చెప్పడానికి ప్రతి ఊరూ బోస్టన్‌కి ప్రతినిధిని పంపుతోంది. పెల్టన్ ప్రతినిధి అక్కడ అవుననాలా, కాదనాలా? పొద్దున్నించి జరిగిన ఓటు దానికోసమే.

"చిక్కుడు గింజలు నాలుగు ఎక్కువ పడ్డాయి," అన్నాడు స్క్వైర్ బ్రాడిష్. ఊరి పెద్దల్లో అతనిదే పైమాట. లోయలో సగం పొలం అతనిదే.

"చిక్కుళ్ళేనని నీకెలా తెలుసు?" జేబెజ్ కార్ లేచాడు. కొండమీది రైతులకి అతను నాయకుడు. "మొక్కజొన్నలే నాలుగు ఎక్కువేమో. ఎవడు చూశాడు?"

"నెగ్గింది చిక్కుళ్ళు. ఓడిపోవడానికి ఎవడైనా దొంగ ఓటు వేస్తాడా? పోయిన జనవరిలో తుపాకులతో సాధించలేకపోయారు. ఇప్పుడు గింజలతో మొదలెట్టారు."

"నోరు జాగ్రత్త స్క్వైర్! అప్పుల వాళ్ళు మా ఎడ్లు తోలుకుపోతుంటే నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు."

సభామందిరం రెండుగా చీలింది. లోయవాళ్ళు ఒకవైపు, కొండవాళ్ళు ఒకవైపు. అప్పుల బాధతో కొండ రైతులు ప్రభుత్వం మీద తిరగబడ్డ పోయిన జనవరిలోనూ మంచులో ఇలాగే నిలబడ్డారు. అప్పుడు చేతుల్లో తుపాకులున్నాయి. జీనస్ ప్రభుత్వం వైపు వరసలో ఉన్నాడు. ఎదుటి వరసలో జేబెజ్ ఉన్నాడు. అంతకు ముందు రాజుతో యుద్ధంలో ఎనిమిదేళ్ళు ఇద్దరూ ఒకే గుడారంలో పడుకున్నవాళ్ళు.

స్క్వైర్ చెయ్యెత్తాడు. "భోజనాలకి అందరం సత్రానికి వెళ్ళాం. అప్పుడు మందిరం తాళం ఎవరి దగ్గరుంది?"

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి.

అక్కడ చీపురుతో నిలబడి ఉంది మెహిటబెల్ రూడ్. మందిరం ఊడ్చేది ఆవిడే. ఆరేళ్ళ క్రితం కుటుంబం పక్క రాష్ట్రం కనెక్టికట్ నుంచి వచ్చింది. భర్త కొండవాళ్ళతో కలిసి తిరగబడి, ఆ చలిలోనే ఊపిరితిత్తులు చెడి పోయాడు. ఇప్పుడు ఇంట్లో ఆవిడ, కళ్ళు కనబడని అత్తగారు, అంతే.

ఎవరో ఆవిడ ఏప్రాన్ జేబు తిరగేశారు. మూడు తెల్ల చిక్కుడు గింజలు నేల మీద పడ్డాయి.

"ఎవిడెన్స్!" అన్నాడు స్క్వైర్.

* * *

రెండుంబావుకి జీనస్ చేతికి వారంట్ వచ్చింది. సిరా ఇంకా ఆరలేదు.

మెహిటబెల్ రూడ్, ఆమె అత్త, ఈ ఊళ్ళో పుట్టినవారు కానందువల్ల, శనివారం మధ్యాహ్నంలోగా పెల్టన్ పొలిమేర దాటి పోవలెను. ఓటు చెల్లదు. రేపు పదింటికి మళ్ళీ ఓటు.

"రేపా?" అన్నాడు జీనస్ స్క్వైర్‌తో. "పడమట మబ్బు చూశారా? రాత్రికి మంచు పడుతుంది. కొండవాళ్ళు సగంమంది కూడా దిగి రాలేరు."

"వాతావరణం నా చేతిలో లేదు. వారంట్ నీ చేతిలో ఉంది. వెళ్ళి ఇవ్వు."

"రేపు పదింటి లోపల ఇస్తానండీ. ముందు ఎంక్వయిరీ చెయ్యాలి."

"గింజలు జేబులోనే దొరికితే ఎంక్వయిరీ ఎందుకు?"

"ముసలావిణ్ణి మంచులోకి నడిపించాల్సింది నేను. నాలుగు గింజలు ఎక్కడివో తెలుసుకుని నడిపిస్తాను."

స్క్వైర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు కూడా వాళ్ళ వైపేనా?"

"నాకు ఏ వైపూ నిలబడే ఓపిక లేదండీ. మోకాలు నెప్పి." జీనస్ జేబులోంచి బొగ్గు ముక్క, రాసుకునే చిన్న చెక్క తీశాడు. "పన్నెండుకి అందరూ సత్రానికి వెళ్ళారు. మీరు మధ్యలో లేచారని సత్రం మనిషి అన్నాడు. ఎన్నింటికి?"

"నన్నే అడుగుతున్నావా!"

"అందర్నీ అడుగుతున్నానండీ."

"పన్నెండూ ఇరవై. గ్లవ్స్ మర్చిపోయి వచ్చాను. ఆ రూడ్ మనిషే తలుపు తీసింది. తీసుకుని వెళ్ళిపోయాను."

"పెట్టె దగ్గరికి వెళ్ళారా?"

"నా బెంచీ దగ్గరికి వెళ్ళాను."

జేబెజ్ కార్ గుర్రాల పాకలో ఉన్నాడు. అప్పటికే జీను బిగిస్తున్నాడు.

"నువ్వు సత్రానికి రాలేదట."

"ఆ స్క్వైర్ ఎదురుగా కూర్చుంటే రొట్టె గొంతు దిగదు. ఇక్కడే తిన్నాను."

"ఎవరైనా చూశారా?"

"మా ఆడగుర్రం చూసింది. వారంట్ ఇచ్చి సాక్ష్యానికి పిలుచుకో." జేబెజ్ నవ్వలేదు. "జీనస్, నువ్వు ఆ మనిషిని పొలిమేర దాకా నడిపిస్తావా? నిజంగా?"

జీనస్ బయటికొచ్చాడు. పాక నుంచి మందిరం వెనక గుమ్మానికి వెళ్ళేదారిలో పాత మంచు మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు. ఆ సంగతి బొగ్గుతో చెక్క మీద గీసుకున్నాడు.

మందిరంలో క్లర్క్ వెదర్బీ ఒక్కడే ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు బడి పంతులు. జీనస్‌కి అక్షరాలు దిద్దించినవాడు. ఊరి రికార్డులుండే ఓక్ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తెల్ల గుడ్డ సంచీ ఒకటి కుడుతున్నాడు.

"ఏమిటి మాస్టారూ అది?"

"ఓట్లు వేసి పెట్టడానికి. ఏ ఓటు గింజలు ఆ సంచీలో పోసి, కుట్టి, తేదీ రాసి పెట్టెలో పెడతాను. ఇరవై రెండేళ్ళ నుంచీ. ఎవడూ అడగలేదనుకో. గింజలివ్వు, కుట్టేస్తాను."

"ఇప్పుడు కాదు మాస్టారూ. అవి ఎవిడెన్స్. మా ఇంటికి తీసుకెళ్తున్నాను."

వెదర్బీ సూది ఒక క్షణం ఆగింది. "అలాగే. జాగ్రత్త."

"మీరు ఎన్నింటికి వెళ్ళారు?"

"పేర్లు శుభ్రంగా రాసుకుని... పన్నెండుంబావు."

"అప్పుడు గింజల గిన్నెలు బల్ల మీదే ఉన్నాయా?"

"గమనించలేదు నాయనా. కళ్ళు మునుపటిలా లేవు."

* * *

మూడున్నరకి మెహిటబెల్ గుడిసె తలుపు తట్టాడు.

"ఇచ్చేయ్ అన్నా," అందావిడ, చెయ్యి చాపి. "కాగితం తెచ్చావు కదా. నాకు చదవడం రాదు. అయినా అందులో ఏముందో తెలుసు."

"కూర్చోనియ్యి. ముందు మాట్లాడదాం."

లోపల పొయ్యి చిన్నగా మండుతోంది. మూల మంచం మీద అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. కుండలోంచి ఉప్పుమాంసం, చిక్కుళ్ళు ఉడుకుతున్న వాసన. జీనస్ పొద్దున ఆరింటి తరవాత ఏమీ తినలేదు.

"పన్నెండుకి తలుపు మూశావు. మొదట ఏం చేశావు?"

"గిన్నెలు తీశాను. అడుగున మిగిలిన గింజలు ఏప్రాన్ జేబులో పోసుకున్నాను. ఊళ్ళో ఎవరికీ పనికిరానివే కదా అనుకున్నాను."

"ఎవరైనా చూశారా?"

"మాస్టారు పక్కనే రాసుకుంటున్నారు. తీసుకోనా అని అడిగాను. తల ఊపారు."

జీనస్ బొగ్గు పట్టుకున్న వేళ్ళు ఆగాయి. "తరవాత?"

"పైన గేలరీ ఊడ్చాను. దిగేసరికి మాస్టారు లేరు. కాసేపటికి స్క్వైర్ గారొచ్చారు. గ్లవ్స్ వెతుక్కున్నారు. ఆయన పోయేదాకా చీపురు పట్టుకుని వెనకే ఉన్నాను. బురద బూట్లతో నా నేలంతా తొక్కారు." కాస్త ఆగింది. "ఆయన దొంగతనం చెయ్యలేదు. చేశాడంటే నాకే మంచిది. కానీ చెయ్యలేదు."

"తరవాత ఇంకెవరైనా?"

"ఎవరూ లేరు. ఇంటికొచ్చి, గింజలు వేడినీళ్ళలో వేసి, మళ్ళీ వెళ్ళాను. జేబు మూలల్లో ఆ మూడూ మిగిలాయి. నా ఖర్మ."

మాట్లాడుతూనే ఒక గిన్నెలో కొద్దిగా వడ్డించి అతని చేతిలో పెట్టింది. వద్దనబోయాడు. అప్పటికే చెంచా నోట్లో ఉంది. గింజలు వెన్నలా ఉన్నాయి.

"ఎప్పుడు నానేశావన్నావు?"

"ఒంటిగంటకి. ఈ ఏటి గింజ కదా, ఇట్టే ఉడికింది."

మంచం మీంచి ముసలామె గొంతు వినిపించింది. "మెహిటబెల్, ఎవరు? అబ్బాయి వచ్చాడా?"

"కాదత్తా. జీనస్ అన్న."

"తలుపెయ్యమను. చలి."

జీనస్ గిన్నె కింద పెట్టాడు. వారంట్ జేబులోంచి బయటికి రాలేదు.

* * *

"అంటే, ఎవిడెన్స్ తినేసి వచ్చారన్నమాట," అంది థాంక్‌ఫుల్.

జీనస్ భార్య. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. పేరుకి తగ్గట్టు ఆవిడ కృతజ్ఞత చూపించిన సందర్భాలు అతనికి పెద్దగా గుర్తులేవు.

"ఆకలేసింది."

"మంచి కానిస్టేబుల్ని ఎన్నుకుంది ఊరు. ఏదీ, మిగతావి తియ్యండి. వాటినైనా నేను చూస్తాను."

సంచీలోంచి యాభై రెండు చిక్కుళ్ళు బల్ల మీద పోశాడు. కిటికీలో ఇంకా కొంచెం వెలుతురుంది. థాంక్‌ఫుల్ వేలితో గింజల్ని అటూ ఇటూ కదిపింది. బియ్యంలో రాళ్ళేరే మనిషి ఎలా చూస్తుందో అలా చూసింది. ఒకటి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"ఇవి పసుపు తిరిగాయి."

"మట్టేమో. మగవాళ్ళ చేతులు."

"మట్టికీ ముసలితనానికీ తేడా తెలీదా నాకు? అక్కడ మందిరంలో తొంభైమంది మగవాళ్ళు చూశారు. ఒక్కడూ ఇంట్లో గింజ నానేసిన మొహం కాదు." లేచి కుండ తెచ్చింది. "అన్నీ నీళ్ళలో వేస్తున్నాను. కొత్త గింజ తెల్లారేసరికి ఉబ్బుతుంది. బాగా పాతబడ్డది రాయిలాగే ఉంటుంది. నాలుగు రోజులు ఉడకబెట్టినా అంతే."

"ఎవిడెన్స్‌ని నానబెట్టాలంటే స్క్వైర్ పర్మిషన్..."

"మీరు తినడానికి ఎవరి పర్మిషన్ తీసుకున్నారు?"

అయిదింటికి కుండ మీద మూత పడింది. బయట మంచు మొదలైంది.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి మూత తీశారు. ఇద్దరూ ఒక్కో గింజా తీసి లెక్కపెట్టారు.

నలభై ఎనిమిది ఉబ్బాయి. తొక్కలు ముడతలు పడి, రెట్టింపు అయ్యాయి.

నాలుగు ఉబ్బలేదు. గోటితో గీరితే గోరు విరిగింది.

"నలభై ఎనిమిదీ, నలభై అయిదూ," అన్నాడు జీనస్ మెల్లగా. "తొంభై మూడు."

"సరిపోయింది కదా."

"అంటే కాదన్నవాళ్ళు ముందే నెగ్గారు. మూడు ఓట్ల తేడాతో. ఆపైన ఎవరో ఇంకో నాలుగు చిక్కుళ్ళు వేశారు. నెగ్గినవాళ్ళకి ఆ నాలుగూ ఎందుకు?"

"ఓటు చెడగొట్టడానికి."

"అవును. లెక్క తప్పితే ఓటు చెల్లదు. దొంగతనం కొండవాళ్ళ మీద పడుతుంది. మళ్ళీ ఓటు పెడతారు. మంచు పడితే వాళ్ళు దిగి రాలేరు."

"స్క్వైరే!"

"మెహిటబెల్ ఆయన వెనకే ఉంది." జీనస్ ఆ నాలుగు గింజల్నీ అరచేతిలో పోసుకున్నాడు. "ఇంత పాత గింజలు ఎవరింట్లో ఉంటాయి?"

"ఎవరింట్లోనూ ఉండవు. తింటాం, లేకపోతే నాటుకుంటాం. పోయిన చలికాలం కొండమీద విత్తనాలే వండుకున్నారు. ఇన్నేళ్ళు గింజ మిగిలిందంటే దాన్ని తిండి అనుకోనివాడి దగ్గరే..."

ఆవిడ ఆగిపోయింది. భర్త మొహం చూసింది.

జీనస్ ఆ నాలుగు గింజల్నీ ఒక గిన్నెలో వేశాడు. తరవాత కోటు తీసుకున్నాడు. చెయ్యి దూర్చడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

* * *

పదింటికి మందిరంలో అరవై ఇద్దరున్నారు. జేబెజ్‌తో కలిపి కొండవాళ్ళు ఇరవైమంది ఎలాగో దిగి వచ్చారు. నడుము దాకా తడిసిపోయి ఉన్నారు.

"వారంట్ ఇచ్చావా?" అన్నాడు స్క్వైర్.

"లేదండీ. ఓటుకి ముందు రెండు నిమిషాలు ఇప్పించండి."

జీనస్ బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాడు. ఒకదాంట్లో నలభై ఎనిమిది. ఒకదాంట్లో నాలుగు.

"నిన్న పెట్టెలో ఉన్న చిక్కుళ్ళు ఇవన్నీ. ఒకే కుండలో ఒకే నీళ్ళలో నానాయి. పట్టుకు చూడండి."

గిన్నెలు బెంచీల మీదుగా వెళ్ళాయి. ఎవరో ఒకటి కొరికి చూశాడు. పన్ను పట్టుకుని తిట్టాడు. రెండు మూడు చోట్ల నవ్వులు వినిపించాయి.

"నిన్న గిన్నెలో పోసినవి ఈ ఏటి గింజలు. సత్రం నుంచి తెచ్చారు. మెహిటబెల్ పట్టుకెళ్ళినవీ అవే. నేను తిన్నాను, మెత్తగా ఉన్నాయి. ఈ నాలుగూ ఆ గిన్నెలోవి కావు. ఏళ్ళ తరబడి ఎక్కడో దాగినవి."

"అయితే ఆవిడ ఇంటి నుంచి తెచ్చి ఉంటుంది," అన్నాడు స్క్వైర్.

"చేతినిండా కొత్త గింజలుండగా పాతవెందుకు తెస్తుంది? ఇవి వేసినవాడికి కొత్త గింజలు అందలేదు. అతనికి ఆలోచన వచ్చేసరికి ఆవిడ గిన్నెలు తీసేసింది. మందిరంలో దొరికినవే వాడాలి. పాత గింజలు మందిరంలో ఒక్కచోటే ఉన్నాయి."

అతను ఓక్ పెట్టె వైపు చూడలేదు. చూడనక్కర్లేకపోయింది.

"పన్నెండు నుంచి పన్నెండుంబావు దాకా," అని మొదలెట్టాడు. వాక్యం మధ్యలో వదిలేసి వెదర్బీ వైపు తిరిగాడు. "మాస్టారూ. పెట్టె తాళంచెవి మీ మెళ్ళోనే ఉంటుంది కదా."

వెదర్బీ లేచాడు. తాళంచెవి తీసి ఇవ్వలేదు. తనే వెళ్ళి తెరిచాడు. అడుగు నుంచి ఒక చిన్న గుడ్డ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. మే 1778 అని రాసి ఉంది. గుడ్డ పసుపు రంగుకి తిరిగింది. ఒక మూల కుట్టిన దారం మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది.

"రాష్ట్రానికి మొదటిసారి రాజ్యాంగం రాసినప్పటి ఓటు," అన్నాడు. "అప్పుడూ మీరు కాదన్నారు. సంచీ నిండా చిక్కుళ్ళే."

"మీరా?" అన్నాడు జేబెజ్. కోపంగా కాదు. నమ్మలేనట్టు.

"ఓటుకి ముందు రెండు గిన్నెలూ నేనే సమంగా పోశాను. అయ్యాక చూస్తే చిక్కుళ్ళ గిన్నె దిగిపోయి ఉంది. ఓడిపోయామని తెలిసింది." ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "మా అబ్బాయి ఆమోస్ రాజుతో యుద్ధానికి వెళ్ళి, టికొండరోగా కోటలో జ్వరంతో పోయాడు. ఇరవై రెండేళ్ళు వాడికి. దేశం కోసమని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడేమో పదమూడు ముక్కలై, ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకుంటున్నారు. పోయిన జనవరిలో నేను చదువు చెప్పిన పిల్లలు ఇటు సగం, అటు సగం నిలబడ్డారు. ఇంకొక్కసారి ఆలోచించుకుంటారేమోననుకున్నాను. అంతే."

"ఆలోచించుకునే చెప్పాం మాస్టారూ," అన్నాడు జేబెజ్. "మా తమ్ముడూ పోయాడు ఆ యుద్ధంలో. దూరంగా ఎవడో కూర్చుని మన గింజలు మార్చెయ్యకూడదనే పోయాడు. దూరంవాడు కాదు, మీరే మార్చారు."

వెదర్బీ తల ఊపాడు. బడిలో పిల్లవాడు సరైన జవాబు చెప్పినప్పుడు ఊపినట్టే.

"మెహిటబెల్ జేబు తిరగేసినప్పుడు ఊరుకున్నారే?" అడిగాడు జీనస్. అడగకూడదనుకున్నాడు. అడిగాడు.

"సాయంత్రం చెబుదామనుకున్నాను. తరవాత పొద్దున చెబుదామనుకున్నాను. నువ్వొచ్చే ముందు కూడా చెబుదామనే కూర్చున్నాను, జీనస్."

 స్క్వైర్ గొంతు సవరించుకున్నాడు. మొహం పాలిపోయింది. అతను కోరుకున్న ఓటు అతని కళ్ళముందే పోయింది. ఆ మాట ప్రకటించాల్సిందీ అతనే.

"అవును, నలభై అయిదు," అన్నాడు. "కాదు, నలభై ఎనిమిది. ప్రతినిధి బోస్టన్‌లో కాదని చెప్తాడు. రికార్డు... రికార్డు ఎవరు రాస్తారు?"

"మార్చి దాకా క్లర్కుని నేనే," అన్నాడు వెదర్బీ. కూర్చుని, ఈక కలం ముంచి, రాశాడు. ఓట్ల అంకెలు రాశాడు. తరవాత తన పూర్తి పేరు రాసి, తను చేసిన పని రెండు వాక్యాల్లో రాశాడు. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చాయి. సిరా ఆరడానికి ఇసక చల్లి, పుస్తకాన్ని జీనస్ వైపు తిప్పాడు. "చదివి సంతకం పెట్టు. సాక్షివి."

జీనస్ సంతకం పెట్టాడు. అదే మనిషి నేర్పిన సంతకం.

పుస్తకం మూసేసరికి జేబులో ఇంకో కాగితం తగిలింది. తీసి స్క్వైర్ ముందు పెట్టాడు. "దీన్ని చింపెయ్యండి."

స్క్వైర్ చింపలేదు. "ఓటు సంగతి వేరు. ఆ మనిషి గిన్నె ఖాళీ చేసి పట్టుకెళ్ళింది నిజమే కదా. పైగా ఊరివాళ్ళు కారు. ముసలామెని ఎన్నాళ్ళు పోషించాలి ఊరు? వారంట్ మీద ముగ్గురు పెద్దల సంతకాలున్నాయి. నీ పని ఇవ్వడం."

జీనస్‌కి ఒక్కసారిగా ఎక్కడలేని అలసటా వచ్చింది. ఎనిమిదేళ్ళ యుద్ధం, ఆ జనవరి, ఈ రెండు రోజులు అన్నీ మోకాల్లోకే దిగినట్టనిపించింది. అయినా కూర్చోలేదు.

"నేనివ్వను. ఇదిగో మీటింగు కూర్చునే ఉంది. వాళ్ళని అడగండి."

"గింజలు లేవు."

"చేతులున్నాయి."

గొణుగుళ్ళు మొదలయ్యాయి. జేబెజ్ బెంచీ మీద గుద్దాడు. "ఓటుకి పెట్టు స్క్వైర్! ఇంత రాజ్యాంగం అడిగావు, ఇది అడగలేవా?"

స్క్వైర్ పెట్టాడు. రూడ్ కుటుంబం ఉండొచ్చన్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు.

వెదర్బీ అలవాటుగా లెక్కకి లేచాడు. సగంలో గుర్తొచ్చి కూర్చున్నాడు. జీనస్ బెంచీల మధ్యన కుంటుకుంటూ నడిచి లెక్కపెట్టాడు. ఉండమన్నవి ముప్పై ఆరు. వెళ్ళమన్నవి ఇరవై రెండు. నలుగురు చేతులు ఒళ్ళోంచి తియ్యనేలేదు.

ఇరవై రెండు చేతుల్లో కొండమీది చేతులు కూడా రెండున్నాయి. ఎవరివో చూశాడు. చూడకపోతే బాగుండుననుకున్నాడు.

* * *

పన్నెండున్నరకి మెహిటబెల్ గుమ్మంలో ఉంది. రెండు మూటలు కట్టి పెట్టుకుంది. అత్తగారికి రెండు శాలువాలు చుట్టి కుర్చీలో కూర్చోబెట్టింది.

"విప్పెయ్యి," అన్నాడు జీనస్. "వెళ్ళక్కర్లేదు."

ఆవిడ కదల్లేదు. "ఎవరు చేశారో తెలిసిందా?"

"తెలిసింది. మాస్టారు."

ఆవిడ చెయ్యి ఏప్రాన్ జేబు మీదికి వెళ్ళింది. "తల ఊపారు," అంది. "తీసుకోమని తల ఊపారు." తరవాత, "మరి నన్ను ఉండమన్నదెవరు?"

"మీటింగు. ఓటేశారు."

"నా మీదా?"

"అవును."

"ఎంతమంది ఉండమన్నారు?"

నిన్నటి నుంచి ప్రతివాణ్ణీ అతను అంకెలే అడిగాడు. ఎన్నింటికి, ఎన్ని గింజలు, ఎంత తేడా. మూడు అంకెలు ఇప్పుడు నాలుక మీదే ఉన్నాయి.

"సరిపడా మంది," అన్నాడు.

మెహిటబెల్ అతని మొహంలోకి చూసింది. అతను బూట్ల మంచు దులుపుకున్నాడు.

"అంటే అందరూ కాదు," అంది. వంగి మొదటి మూట ముడి విప్పడం మొదలెట్టింది. "లోపలికొచ్చి తలుపెయ్యి అన్నా. అత్తకి చలేస్తోంది."